బొర్యొంగ్ బురదలో పరదేశులు

కొరియా వేసవి గురించి ఇంటర్నెట్‌లో వెతికితే తప్పకుండా ఎదురయ్యే ఫోటో ఒకటుంది. ఒంటి నిండా బూడిదరంగు బురద పూసుకుని, కళ్ళూ పళ్ళూ మాత్రం తెల్లగా కనబడుతుంటే కెమెరా వైపు చేతులు చాచి నవ్వుతున్న ఒక తెల్లజాతి కుర్రాడో, అమ్మాయో. వెనక సముద్రం. అది బొర్యొంగ్ బురద పండగ. రాజధాని సోల్‌కి నైరుతి దిక్కున, పశ్చిమ తీరంలో, దక్షిణ చుంగ్‌చొంగ్ రాష్ట్రంలో ఉన్న చిన్న నగరం బొర్యొంగ్. జనాభా లక్షకి కాస్త అటూ ఇటూ. ఏటా జులైలో దాని దేచొన్ బీచ్ మీద ఈ పండగ జరుగుతుంది. 2007లో 22 లక్షల మంది వచ్చారని చెప్తారు.

ఫోటోలో ఉన్నవాళ్ళు చాలామటుకు పర్యాటకులు కారు. కొరియాలో ఉద్యోగాలు చేసుకుంటూ, ఒక శనివారమో ఆదివారమో పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం బాణసంచా చూసి తిరిగి వెళ్ళిపోయే ప్రవాసులు. ఇంగ్లిష్ టీచర్లు, అమెరికన్ సైనికులు, విశ్వవిద్యాలయ విద్యార్థులు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు. కొరియన్లు తమ నేల మీద చేసుకునే పండగకి పరదేశి ముఖం గుర్తుగా ఎందుకు నిలిచింది? ఈ ప్రశ్న పట్టుకుని ఆ ఊరి చరిత్ర చదవడం మొదలుపెడితే, పరదేశులు అక్కడికి రావడం 1998లో మొదలైన విషయం కాదని తేలింది. దాదాపు రెండువందల ఏళ్ళలో ఆ తీరం పరదేశిని చాలా రకాలుగా చూసింది. బియ్యం, కూరగాయలు ఇచ్చి సాగనంపింది. తల నరికింది. వేసవి కుటీరాలు కట్టుకోనిచ్చింది. చివరికి పోస్టర్ మీద వేసుకుంది.

ఓడలో వచ్చినవాళ్ళు

1832 జులైలో లార్డ్ ఆమ్హర్స్ట్ అనే ఓడ ఈ తీరపు దీవుల మధ్య లంగరు వేసింది. దాన్ని పంపింది ఈస్టిండియా కంపెనీ. మన బందరులోనూ విశాఖపట్నంలోనూ కొఠీలు పెట్టుకున్న ఆ కంపెనీయే. చైనాలో కాంటన్ రేవు ఒక్కటే విదేశీ వ్యాపారానికి తెరిచి ఉండడంతో, ఉత్తరాన ఇంకెక్కడైనా సరుకు దించే వీలుందేమో చూసి రమ్మని పంపారు. నాయకుడు హ్యూ హామిల్టన్ లిండ్సే. దుబాసీగా, వైద్యుడిగా వెంట వచ్చినవాడు కార్ల్ గుట్జ్‌లాఫ్ అనే జర్మన్ మతబోధకుడు. కొరియా నేల మీద కాలుపెట్టిన మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీగా అతన్ని చెప్పుకుంటారు. ఇప్పుడు బొర్యొంగ్ పరిధిలోకి వచ్చే గోదేదో అనే దీవిలో అతని జ్ఞాపక చిహ్నాలున్నాయి.

వాళ్ళు రాజుగారికి ఒక అర్జీ, కొన్ని కానుకలు, వాటితోపాటు బైబిలు ప్రతులు ఇచ్చి పంపమన్నారు. స్థానిక అధికారులు మర్యాదగానే మాట్లాడారు. రోజులు గడిచాయి. ఈలోపు గుట్జ్‌లాఫ్ ఊరికే కూర్చోలేదు. జబ్బు పడ్డవాళ్ళకి మందులిచ్చాడు, ఒక కొరియన్ చేత క్రైస్తవ ప్రార్థన ఒకటి కొరియన్ లిపిలో రాయించుకున్నాడు, బంగాళాదుంపలు నాటి వాటిని ఎలా పండించాలో కాగితం మీద రాసిచ్చాడు. చివరికి జవాబొచ్చింది. తాము చైనా చక్రవర్తికి లోబడిన రాజ్యమని, ఆయన అనుమతి లేకుండా వ్యాపారం కుదరదని చెప్పి కానుకలు తిప్పి పంపారు. ఓడకి కావలసిన తిండిసామాను మాత్రం ఇచ్చారు. ఆగస్టులో ఓడ వెళ్ళిపోయింది.

పొమ్మనలేక పొగబెట్టడం అని మనం అంటాం కదా, ఇక్కడ పొగ కూడా లేదు. వచ్చినవాడికి అన్నం పెట్టి, ఇల్లు మాత్రం చూపించకుండా పంపించేశారు. ఆ జాగ్రత్తలో తెలివి లేకపోలేదు. అదే ఏడాది చివర్లో గుట్జ్‌లాఫ్ చైనా తీరం వెంట నల్లమందు అమ్మే జార్డిన్ గారి ఓడలో దుబాసీగా వెళ్ళాడు. ఆ నల్లమందు పండింది మన దేశంలో. పదేళ్ళు తిరక్కుండా నల్లమందు యుద్ధంలో చైనా ఏమైపోయిందో తెలిసిందే. ఆ యుద్ధంలోనూ బ్రిటిష్ వాళ్ళ తరఫున మాట్లాడింది గుట్జ్‌లాఫే. ఒక్క మనిషిలోనే మందులిచ్చే వైద్యుడూ ఉన్నాడు, మత్తుమందు ఓడకి గొంతు అరువిచ్చినవాడూ ఉన్నాడు. దేన్ని చూసి తలుపు తియ్యాలి, దేన్ని చూసి వెయ్యాలి అన్నది ఆ దీవిలోని చిన్న అధికారికి సులువుగా తేలే విషయం కాదు.

రెండో రాక 1846లో. అంతకు ఏడేళ్ళ ముందు, 1839లో, జోసొన్ ప్రభుత్వం ముగ్గురు ఫ్రెంచి కాథలిక్ గురువుల్ని చంపించింది. దానికి సంజాయిషీ అడుగుతూ ఫ్రెంచి నౌకాధిపతి సెసీల్ మూడు ఓడలతో వేయొన్‌దో దీవికి వచ్చి ఉత్తరం వదిలి వెళ్ళాడు. వేయొన్‌దో కూడా ఇవాళ్టి బొర్యొంగ్ దీవే. మరుసటేడు జవాబు కోసం వచ్చిన రెండు ఫ్రెంచి ఓడలు ఇంకాస్త దక్షిణాన, కొగున్‌సాన్ దీవుల దగ్గర, లోతులేని నీళ్ళలో నేలకి తగులుకుని పాడైపోయాయి. ఈ సముద్రం సంగతి తెలియనివాళ్ళకి అలా జరగడం వింతేమీ కాదు. కొరియా పశ్చిమ తీరంలో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ, ఇంచొన్ దగ్గర 9 మీటర్ల దాకా ఉంటుంది. పొద్దున ఓడ తేలిన చోట మధ్యాహ్నానికి మైళ్ళ కొద్దీ బురద బయటపడుతుంది.

వేయొన్‌దోకి వచ్చిన ఆ ఉత్తరాన్ని సోల్ మరిచిపోలేదు. 1866లో రాజు కోజొంగ్ చిన్నవాడు, పెత్తనమంతా తండ్రి దేవొన్‌గున్‌ది. కాథలిక్కుల మీద పెద్ద వేట మొదలైంది. దేశంలో రహస్యంగా ఉన్న పన్నెండుమంది ఫ్రెంచి గురువుల్లో తొమ్మిదిమందిని చంపారు. బిషప్ దావెల్వీని, మరో ఇద్దరు ఫ్రెంచి గురువుల్ని, ఇద్దరు కొరియన్ విశ్వాసుల్ని రాజధానిలో చంపకుండా ఇక్కడిదాకా నడిపించుకొచ్చారు. బొర్యొంగ్ నౌకాదళ స్థావరం దగ్గర కాల్‌మేమొత్ అనే ఒడ్డున మార్చి 30న తలలు నరికారు. రాజుగారి పెళ్ళి దగ్గరపడుతోంది కాబట్టి రాజధానిలో రక్తం చిందించడం అశుభమన్నది ఒక కారణం. ఫ్రెంచి ఓడలు వచ్చి ఆగిన తీరం ఇదే కాబట్టి, చూసేవాళ్ళకి అర్థం కావాలన్నది రెండో కారణంగా చెప్తారు. ఆ ఐదుగురినీ 1984లో పోప్ సోల్‌కి వచ్చినప్పుడు పునీతులుగా ప్రకటించాడు. కాల్‌మేమొత్ ఇప్పుడు యాత్రాస్థలం. బురద పండగ జరిగే బీచ్‌ కూడా అదే నగరంలో ఉంది. పండగకి వచ్చినవాళ్ళలో అటువైపు వెళ్ళేవాళ్ళు తక్కువ.

వేసవి కుటీరాలు

1880లలో ఒప్పందాల మీద సంతకాలయ్యాక తలుపులు తెరుచుకున్నాయి. అమెరికన్ మిషనరీలు కుటుంబాలతో వచ్చి బళ్ళు, ఆస్పత్రులు పెట్టారు. కొరియా వేసవిలో ఉక్కపోత, వానలు, వాటితోపాటు విరేచనాలు, మలేరియా. వాళ్ళ పిల్లలు చాలామంది చనిపోయారు. అందుకని వేసవి రెండు నెలలూ ఊళ్ళు వదిలి గాలి తగిలే చోట్లకి పోవడం అలవాటు చేసుకున్నారు. మన దగ్గర తెల్లదొరలు ఊటీకి పోయినట్టే. ఉత్తరాన సొరాయ్ బీచ్, తూర్పున వొన్‌సాన్, దక్షిణాన చిరిసాన్ కొండ మీద నోగోదాన్. అక్కడ చిన్న చిన్న కుటీరాలు కట్టుకున్నారు. ప్రార్థన సమావేశాలు, ఈతలు, పిల్లల ఆటలు, పెద్దవాళ్ళకి ఏడాది పొడుగునా దొరకని సొంతభాషలో కబుర్లు.

1945లో దేశం రెండు ముక్కలైంది. సొరాయ్, వొన్‌సాన్ ఉత్తరంలో ఉండిపోయాయి. నోగోదాన్ కుటీరాలు గెరిల్లా పోరాటాల్లోనూ కొరియా యుద్ధంలోనూ పాడుబడ్డాయి. యుద్ధం తర్వాత దక్షిణంలో మిగిలిన మిషనరీలు కొత్త వేసవి విడిది కోసం వెతుక్కుని చేరిన చోటు దేచొన్ బీచ్. మూడున్నర కిలోమీటర్ల పొడవున్న ఇసుక, లోతు తక్కువగా ఉండే నీళ్ళు, పిల్లలకి భయం లేదు. అలా బురద పండగకి నలభై ఏళ్ళ ముందే ఈ తీరంలో ప్రవాసుల వేసవి ఉంది. తేడా ఒక్కటే, అప్పట్లో ప్రవాసులు కొరియన్ల చూపుకి దూరంగా ఉండటానికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు కొరియన్లకి కనబడటానికి వస్తున్నారు.

బొగ్గు పోయి బురద వచ్చె

ఆ మార్పుకి కారణం ఊరి కడుపులో ఉంది. బొర్యొంగ్ ఒకప్పుడు బొగ్గు ఊరు. ఊరి వెనకున్న సొంగ్‌జు కొండల కింద ఆంత్రసైట్ బొగ్గు ఉంది. కొరియన్ ఇళ్ళలో ఒండోల్ అని నేల కింద వేడి ప్రవహించే ఏర్పాటు ఉంటుంది. యుద్ధం తర్వాత మూడు నాలుగు దశాబ్దాలపాటు ఆ నేలల్ని వేడి చేసింది యొంతాన్, అంటే నిలువునా బెజ్జాలుండే గుండ్రటి బొగ్గు దిమ్మ. 1980ల చివరికి జనం గ్యాసుకీ కిరసనాయిలుకీ మారారు. 1989లో ప్రభుత్వం ‘బొగ్గు పరిశ్రమ హేతుబద్ధీకరణ’ అనే పేరు పెట్టి లాభం లేని గనుల్ని మూయించడం మొదలుపెట్టింది. దేశంలో మూడువందలకి పైగా ఉన్న గనులు ఏడెనిమిదేళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్నికి వచ్చేశాయి. బొర్యొంగ్‌లో 1995లో బొగ్గు మ్యూజియం తెరిచారు. కొరియాలో అదే మొదటి బొగ్గు మ్యూజియం. ఒక ఊళ్ళో ఒక వృత్తికి మ్యూజియం కట్టారంటే ఆ వృత్తి అక్కడ ఇక లేదని అర్థం.

అదే 1995లో ఇంకో రెండు జరిగాయి. దేచొన్ నగరాన్ని, బొర్యొంగ్ జిల్లాని కలిపి ఒకే నగరం చేశారు. జూన్ 27న దేశమంతటా మేయర్లకీ గవర్నర్లకీ నేరుగా ఎన్నికలు జరిగాయి. అంతవరకూ మేయర్ని పంపింది పై ప్రభుత్వం, కాబట్టి ఆయన పైకి చూసేవాడు. ఇప్పుడు ఓటర్లకి ఏదో ఒకటి చూపించాలి. కొరియా అంతటా ఊరికో పండగ పుట్టుకొచ్చిన కాలం అది. ముజులో మిణుగురు పురుగుల పండగ 1997లో, హాంప్యొంగ్‌లో సీతాకోకచిలుకల పండగ 1999లో, హ్వాచొన్‌లో గడ్డకట్టిన ఏటి మీద చేపల పండగ 2003లో. చేతిలో ఏది ఉంటే దాన్ని పండగ చేసుకున్నారు.

బొర్యొంగ్ చేతిలో ఉన్నది బురద. 1996లో నగరపాలక సంస్థ ఆ బురదలోని ఖనిజాలు చర్మానికి మంచివని చెబుతూ ముఖానికి రాసుకునే పూతలు, సబ్బులు తయారు చేయించింది. టీవీ ప్రకటనలకి డబ్బుల్లేవు. జనాన్నే పిలిచి, ఒంటికి పూసి చూపిస్తే సరిపోతుంది కదా అని 1998 జులైలో మొదటి పండగ పెట్టారు. అంతకు ఏడు నెలల ముందే కొరియా ఐఎంఎఫ్ దగ్గర చెయ్యి చాచింది. పెద్ద పెద్ద కంపెనీలు మూతపడుతున్నాయి. ఇళ్ళలో బంగారం తెచ్చి దేశానికిస్తున్న రోజులు. ఆ ఏడాదిలో ఒక గనుల ఊరు బురద అమ్ముకుందామని చూసిందంటే నవ్వుకోడానికి ఏమీ లేదు. అవసరం అలాంటిది.

కొరియన్‌లో బురదకి మాటలు లేక కాదు. జిన్‌హుక్ ఉంది, ఆటుపోట్ల మధ్య తేలే బురదనేలకి గెత్‌బొల్ ఉంది, ఆ బురదని పల్లెటూళ్ళో ప్పొల్ అంటారు. మనకి అడుసు, రొంపి, ఒండ్రు, బురద ఉన్నట్టే. పండగ పేరులో పెట్టుకున్నది మాత్రం ఇంగ్లిష్ ‘మడ్’. కొరియన్ నోట్లో అది ‘మొదు’ అయ్యింది. గెత్‌బొల్ అంటే గవ్వలు ఏరుకునే ముసలమ్మలు గుర్తొస్తారు. ‘మొదు’ అంటే డబ్బాలో పెట్టిన క్రీము గుర్తొస్తుంది. సరుకు మారినప్పుడు ముందుగా మారేది పేరే.

పండగలో వాడే బురద కూడా బీచ్‌ది కాదు. దేచొన్ బీచ్ అంతా ఇసుక. దగ్గర్లోని బురదనేలల నుంచి తవ్వి తెచ్చి, వడకట్టి, శుద్ధి చేసి, పొడి చేసి, మళ్ళీ నీళ్ళు కలిపి తొట్టెల్లో పోస్తారు. ఇసుక బీచ్ మీద, బురదని లారీల్లో తెచ్చి, బురద పండగ.

ఒక రోజు

నేను వెళ్ళింది ఒక జులై ఆదివారం. మేము ఆరుగురం తెలుగువాళ్ళం, ఇద్దరు పిల్లలు. సోల్‌లో యొంగ్‌సాన్ స్టేషన్లో రైలెక్కితే రెండున్నర గంటల్లో దేచొన్. అక్కడ్నించి బీచ్‌కి బస్సు. తీరం వెంట వరసగా ఉన్నవి గవ్వచేపలు నిప్పుల మీద కాల్చిపెట్టే హోటళ్ళు. మాలో శాకాహారులు ముగ్గురు కాబట్టి వదిన రాత్రే పులిహోర కలిపి డబ్బాల్లో సర్దింది. “అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా నాయనమ్మ వెయ్యిసార్లు చెప్పింది, ఇప్పుడు టికెట్ కొని తొక్కుతున్నాం చూడండి” అని అన్నయ్య ఒకటే నవ్వు.

టికెట్ కొన్నవాళ్ళకి తాళ్ళు కట్టిన ఆవరణ. లోపల గాలి నింపిన జారుడుబండలు, బురద కుస్తీలకి గుండ్రటి తొట్టి, ‘బురద జైలు’ అని ఊచల గది. అందులో నిలబడితే బయటివాళ్ళు బకెట్లతో బురద కొడతారు. పక్కన ఎరుపు, పసుపు, నీలం రంగులు కలిపిన బురద గిన్నెలూ కుంచెలూ పెట్టారు, కావలసిన చోట పూసుకోవచ్చు. పది నిమిషాలయ్యేసరికి ఎవరెవరో గుర్తుపట్టడం కష్టమైంది. ఆ పండగలో నాకు బాగా నచ్చింది అదే. ఆఫీసులో వయసు, హోదా తెలుసుకోకుండా ఎలా పలకరించాలో తెలియని దేశంలో, ఒక యాభై ఏళ్ళ కొరియన్ పెద్దమనిషి మా ఐదేళ్ళ పిల్లాడి చేత బురద కొట్టించుకుని పడీ పడీ నవ్వుతున్నాడు.

ఫోటోగ్రాఫర్ల కళ్ళకి మాత్రం ఎవరెవరో బాగానే తెలుస్తోంది. పొడుగు లెన్సులు పట్టుకున్న పెద్దాయనలు ఆవరణ చుట్టూ ప్లాస్టిక్ సంచులు తొడిగిన కెమెరాలతో నిలబడ్డారు. వాళ్ళు పోగయ్యేది పొడుగ్గా, తెల్లగా ఉన్న కుర్రాళ్ళ చుట్టూనే. దీనికీ చరిత్ర ఉంది. 1995లో కొరియా ప్రభుత్వం విదేశీ ఇంగ్లిష్ టీచర్లని బళ్ళలో పెట్టే పథకం తెచ్చింది. 1997 నుంచి మూడో తరగతి మొదలు ఇంగ్లిష్ తప్పనిసరి చేసింది. ప్రైవేటు కోచింగ్ సెంటర్లు వీధి వీధికీ వచ్చాయి. ఆ వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల వాళ్ళకి. అలా దేశమంతటా చిన్న చిన్న ఊళ్ళలో ఒంటరిగా ఉన్న పాతికేళ్ళ కుర్రాళ్ళు వేలమంది తయారయ్యారు. చేతిలో జీతం, వారాంతాల్లో ఏం చెయ్యాలో తెలియదు. అదే సమయానికి ఒక ఊరు బురద తొట్టెలు పెట్టుకుని కూర్చుంది. పండగ వీళ్ళకి దొరికింది, పండగకి వీళ్ళు దొరికారు. పరదేశులు మెచ్చుకున్న పండగ అంటే కొరియన్లకీ గౌరవం పెరిగింది.

మన దేశం పేరు ఆ జాబితా పక్కన 2010లో చేరింది. ఆ ఏడాది జనవరి 1న భారత్, కొరియాల మధ్య అమల్లోకి వచ్చిన ఆర్థిక ఒప్పందంలో కంప్యూటర్ నిపుణులు, ఇంజనీర్లతోపాటు సహాయక ఇంగ్లిష్ టీచర్లు కూడా ఉన్నారు.

నీళ్ళ అంచున

మధ్యాహ్నం ఒళ్ళు కడుక్కుందామని సముద్రంలోకి దిగితే, అక్కడ నీళ్ళ అంచున ఐదుగురు కూర్చుని ఉన్నారు. బట్టల మీద బురద లేదు. టికెట్ కొనలేదు, ఊరికే చూడ్డానికొచ్చారు. నేపాలీలు. ఆన్సాన్‌లో ప్లాస్టిక్ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పని. పులిహోర ఇస్తే మొహమాటపడి, తర్వాత డబ్బా ఖాళీ చేశారు. హిందీలో మొదలైన మాటలు కాసేపటికి కొరియన్‌లోకి వెళ్ళాయి. వాళ్ళ కొరియన్ మాకంటే ఎంతో నయం. “పరీక్ష రాసి కదా భాయ్ వచ్చాం” అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

నిజమే. 2004 ఆగస్టులో మొదలైన ఉపాధి పర్మిట్ విధానం కింద పలు దేశాల నుంచి కూలీల్ని తీసుకుంటారు. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, వియత్నాం అందులో ఉన్నాయి, భారత్ లేదు. రావాలంటే కొరియన్ భాషా పరీక్ష పాసవ్వాలి. ఒక విడతలో 4 ఏళ్ళ 10 నెలలు ఉండొచ్చు. కుటుంబాన్ని తెచ్చుకోడానికి లేదు. ఇష్టమొచ్చినట్టు యజమానిని మార్చుకోడానికీ లేదు, మొదటి మూడేళ్ళలో మూడుసార్లే, దానికీ కారణాలు చూపించాలి. మాలాంటి నిపుణుల వీసా మీద వచ్చినవాళ్ళు భార్యాపిల్లల్ని తెచ్చుకోవచ్చు. భాష రాకపోయినా ఆఫీసు గడిచిపోతుంది. ఆ దేశపు భాష నేర్చుకుని వచ్చినవాడు తాత్కాలికం, నేర్చుకోని నేను ‘గ్లోబల్ టాలెంట్’.

మన తెలుగులోనూ ఈ గీత ఉంది. అమెరికాలో ఉంటే ప్రవాసాంధ్రుడు, గల్ఫ్‌లో ఉంటే వలస కూలీ. ఒకరికి సభలూ సావనీర్లూ, ఇంకొకరికి ఏజెంటూ అప్పూ. ఇద్దరూ ఎక్కింది ఒకే విమానాశ్రయంలోనే అయినా ఈ రెండు మాటలు ఒకరికొకటి పెట్టం.

కదలనివ్వని పరదేశులు

ఈ తీరానికి భారతీయులతో ఉన్న ఇంకో సంబంధం పండగ బ్రోషర్లలో ఉండదు. 2007 డిసెంబరు 7న, బొర్యొంగ్‌కి కాస్త ఉత్తరాన తెఆన్ తీరంలో లంగరు వేసి ఉన్న హెబెయ్ స్పిరిట్ అనే చమురు ఓడని, లాగే తాడు తెగి కొట్టుకొచ్చిన ఒక క్రేన్ బార్జి గుద్దింది. 10 వేల టన్నులకి పైగా ముడి చమురు సముద్రం పాలయ్యింది. కొరియా చూసిన అతి పెద్ద చమురు ప్రమాదం అదే. ఆ చలికాలంలో పన్నెండు లక్షలమందికి పైగా స్వచ్ఛందంగా వచ్చి గుడ్డలతో రాయి రాయీ తుడిచారు. ఆ కథ కొరియన్లు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా.

ఓడ కెప్టెన్ జస్‌ప్రీత్ చావ్లా, చీఫ్ ఆఫీసర్ శ్యామ్ చేతన్ భారతీయులు. లంగరు వేసి నిలబెట్టిన ఓడ వాళ్ళది. అయినా దేశం వదిలి వెళ్ళకూడదన్నారు. 2008 జూన్‌లో కింది కోర్టు ఇద్దరూ నిర్దోషులంది. ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళడంతో వాళ్ళని కదలనివ్వలేదు. డిసెంబరులో పై కోర్టు కెప్టెన్‌కి 18 నెలలు, చీఫ్ ఆఫీసర్‌కి 8 నెలలు జైలు వేసి లోపలికి పంపింది. భారత నావికుల సంఘాలు నిరసనలు చేశాయి, ప్రపంచమంతటా ఓడల పరిశ్రమ తప్పుపట్టింది. జనవరిలో బెయిలొచ్చింది. 2009 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జైలుశిక్ష కారణమైన ఆరోపణని కొట్టేసింది. జూన్‌లో ఇంటికి చేరారు. మొత్తం ఏడాదిన్నర.

అంటే 2008 జులైలో, తుడిచి శుభ్రం చేసిన తీరానికి జనం వస్తారా రారా అని ఊరు గుండెలు చేత్తో పట్టుకుని పండగ చేసుకుంటున్నప్పుడు, ఆ దేశంలోనే ఇద్దరు పరదేశులు ఇంటికెళ్ళే వీల్లేక కూర్చున్నారు. ఒకే తీరం ఒక పరదేశిని రమ్మని చేతులు చాస్తూనే ఇంకొకణ్ణి పోనివ్వకుండా పట్టుకుంది. కొరియన్లు చెడ్డవాళ్ళని చెప్పడానికి ఇది రాయడం లేదు. సముద్రం నల్లబడినప్పుడు ఎవరినో ఒకరిని పట్టుకోవాలన్న కోపం ఏ దేశానికైనా వస్తుంది. అలాంటప్పుడు ముందు దొరికేది పరదేశే.

పాలేర్ల పండగ

బురద పండగకి పాతికేళ్ళ చరిత్రే కాబట్టి అది కొరియన్ సంస్కృతి కాదనేవాళ్ళున్నారు. అసలైన వేసవి పండగలు వేరే ఉన్నాయంటారు. చాంద్రమానం ఐదో నెల ఐదో రోజున దానో, ఆరో నెల పౌర్ణమికి తూర్పుగా పారే నీళ్ళలో తలస్నానం చేసే యుదు, ఏడో నెల పౌర్ణమికి బేక్‌జుంగ్.

ఈ మూడోది నాకు చాలా నచ్చింది. వరిచేల కలుపుతీతలు అయిపోయి, ఇక కోతల దాకా పెద్ద పని లేదనుకున్నప్పుడు చేసుకునేది బేక్‌జుంగ్. ‘హోమి కడగడం’ అని దానికి ఇంకో పేరు. హోమి అంటే కలుపు తీసే చేతి పనిముట్టు. దాని మట్టి కడిగేసి పక్కన పెట్టేశామని అర్థం. మన ఏరువాక పని మొదలుపెట్టే పండగైతే, ఇది పని ముగించే పండగ. అది ముఖ్యంగా పాలేర్ల పండగ. ఆ రోజు ఆసామి పాలేరుకి కొత్త బట్టలు, చేతిఖర్చుకి డబ్బులు ఇచ్చి సంతకి పంపేవాడు. ఊళ్ళో బాగా పండించిన పాలేరుని ఎద్దు మీద ఎక్కించి, డప్పులతో ఊరేగించేవాళ్ళు. ఏడాదిలో ఆ ఒక్క రోజు బురదలో పనిచేసినవాడే పెళ్ళికొడుకు.

ఇవాళ కొరియా పొలాల్లో, చేపల పడవల్లో, గ్రీన్‌హౌసుల్లో పాలేరు పని చేస్తున్నది ఎక్కువగా కాంబోడియా, నేపాల్, వియత్నాం, ఇండొనేషియా వాళ్ళు. కొరియా కార్మిక చట్టంలో పనిగంటలు, వారపు సెలవు గురించి ఉన్న నిబంధనలు వ్యవసాయానికీ చేపల వేటకీ వర్తించవు. ఫ్యాక్టరీ కార్మికుడికి కనీసం ఆదివారం ఉంది, అందుకే ఆన్సాన్ నుంచి ఆ ఐదుగురు రాగలిగారు. వానాకాలమంతా బురదలో నిలబడి పనిచేసేవాడికి బురద పండగకి రావడానికి సెలవు దొరకడమే కష్టం.

ఆ సాయంత్రం ఆటు మొదలయ్యింది. బీచ్‌లో బాణసంచాకి కుర్చీలు వేస్తున్నారు. నేపాలీలు చివరి రైలు దొరకదేమోనని ముందే లేచారు. మర్నాడు పొద్దున్నే షిఫ్టు. మాలో ఒకడు వాళ్ళని ఆపి, రంగు గిన్నెలోంచి తెచ్చిన కాస్త బురద తలా ఒక చుక్క బొట్టులా పెట్టి ఫోటో తీశాడు. ఐదుగురూ నవ్వారు. ఆ ఫోటో ఏ పోస్టర్ మీదా రాదు. వాళ్ళ ఫోన్‌కి పంపించాం, అప్పటికప్పుడే అది వాళ్ళ ఇళ్ళకి వెళ్ళిపోయింది.